మద్దిలేటి వంతు

అనగనగా అంటే నిన్నా మొన్నటి మాట కాదు. కొండ మీద కోటలో ఇంకా దివిటీలు వెలుగుతున్న నాటి మాట. ఆ కోట ఏలిన పాలెగాని పేరు ఏందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. కోట గోడలు కూలిపోయినాయి. కోట కింద ఊరు మాత్రం ఉంది. ఆ ఊరిపేరు గవిమెట్ల.

గవిమెట్లలో సుంకమ్మ అని ఒకామె ఉండేది. పసరు వైద్యం చేసేది. ఏ ఆకు ఏ గట్టు మీద మొలుస్తుందో, ఏ వేరు ఏ నెలలో తవ్వాలో ఆమెకు తెలిసినట్టు చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఎవరికీ తెలీదు. తేలు కుట్టినా సుంకమ్మే. కాన్పు కష్టమైనా సుంకమ్మే. ఎద్దుకు కడుపు ఉబ్బినా సుంకమ్మే. ఆమె వీధిలో నడిచి వస్తే అరుగుల మీది మగవాళ్ళు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. ఏ ఇంట్లో విందు జరిగినా మొదటి విస్తరి ఆమెకు వేసినాకనే రెండో విస్తరి.

మొగుడు చిన్న వయసులోనే పోయినాడు. పిల్లలు లేరు. ముసలితల్లి ఓబుళమ్మ, తను, మందులు నూరే రోలు. అంతే ఆ ఇల్లు. సుంకమ్మకు పొలం లేదు, గొడ్డూ గోదా లేవు. ఆ మర్యాద ఒక్కటే ఆమెకు ఆస్తి. అందుకే దాన్ని ఎవరన్నా ముట్టుకుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఇట్లుండగా కోటలో మద్దిలేటి అని ఒక బంటు. పెద్దోడు కాదు, చిన్నోడు కాదు. పగలు గోడ మీద కాపలా, రాత్రి కోట వాకిలి గవని దగ్గర కాపలా. ఒక ఏడు పాలెగాడు పక్క కొండ మీదికి దండు తీసుకుని పోయినాడు. కనుమ దగ్గర దెబ్బ తిన్నది మనవాళ్ళే. వెనక్కి పరిగెత్తే తొక్కిసలాటలో మద్దిలేటి జతగాడు ఎల్లప్ప పోటు తిని పడిపోయినాడు. మద్దిలేటి చేతిలో ఈటె ఉంది. ఈటె పట్టుకుంటే మనిషిని మోయలేడు. మనిషిని మోస్తే ఈటె పట్టుకోలేడు. ఒక్క గుటక మింగేంత సేపు నిలబడి చూసినాడు. ఈటె పారేసినాడు. ఎల్లప్పను వీపున వేసుకున్నాడు. దారిలో మోకాలికి బాణం దిగినా దించలేదు.

ఈటె పారేసిన బంటుకు కోటలో చోటు లేదు. అది ఆ కోట కట్టుబాటు. మద్దిలేటి ఢాలు తీసుకున్నారు. తలపాగా తీసుకున్నారు. బంట్ల వరసలోంచి పేరు తీసేసినారు. ఎల్లప్ప బతికున్నన్నాళ్ళు వెనక కొట్టంలో ఉండి చూసుకోమన్నారు. మూడు నెలలకు ఎల్లప్ప పోయినాడు. ఆ మర్నాడు మద్దిలేటి కుంటుకుంటా కొండ దిగినాడు.

చేతిలో ఒక మూట. మూటలో ఒక రాగి గిన్నె. గిన్నె అడుగున సూది మొన దూరేంత బెజ్జం. కోటలో కాపలావాళ్ళు నీళ్ళ తొట్టిలో ఆ గిన్నె తేలేసేవాళ్ళు. బెజ్జం గుండా నీళ్ళెక్కి అది మునిగితే ఒక గడియ అయినట్టు. అట్లాంటి గిన్నె కింద ఊళ్ళో ఎవరూ చూడలేదు.

మద్దిలేటి గవిమెట్లలో కుమ్మరోళ్ళ ఇంటి పక్క పాడుబడిన కొట్టంలో దిగినాడు. బతకాల కదా. మొదట మడక పట్టి దున్నను పోయినాడు. కాలు నిలవలేదు. తర్వాత జొన్నచేనికి కాపలా పోయినాడు. పందులు పరిగెత్తినంత వేగంగా తను పరిగెత్తలేకపోయినాడు. చేను మేసేసినాయి, రైతు పొమ్మన్నాడు. కొట్టంలో కూర్చోనుంటే గోడ అవతల మూలుగు వినబడింది. కుమ్మరి చెన్నప్ప, ఇంటికి పెద్ద, తుంటి ఎముక విరిగి మంచాన పడున్నాడు. కోడలు నాగక్క పొద్దంతా మట్టి తొక్కల్ల, సారె కాడ కూర్చోవల్ల, పిల్లల్ని చూసుకోవల్ల. మామను ఎప్పుడు చూడాల?

మద్దిలేటి గోడ చుట్టూ నడిచి వాకిట్లో నిలబడి, మీ మామ దగ్గర నేను కూర్చోనా అని అడిగినాడు. నాగక్క అనుమానంగా చూసి, కూర్చుంటే ఏమిస్తావని అడగబాకు, మా దగ్గర ఏమీ లేదనింది. సంగటి ముద్ద పెడితే చాలన్నాడు. అది మూడో పని. ఆ పనిలో ఆయన నిలబడినాడు.

చెన్నప్పకు కట్టు కట్టింది సుంకమ్మే. కట్టి, పది దినాలు బతికితే గొప్ప అని ఊరందరి ముందర చెప్పింది కూడా. పది దినాలైనాయి. ఇరవై అయినాయి. రెండు నెలలకు చెన్నప్ప గోడకానుకుని కూర్చోని, పగిలిన కుండలకు మనవళ్ళను తిట్టడం మొదలుపెట్టినాడు. చూడవచ్చిన సుంకమ్మతో నాగక్క సంబరంగా చెప్పింది.

"ఆ కుంటాయప్ప చెయ్యి మంచిదక్కా. ఆయన వచ్చినాకనే మా మామ తేరుకున్నాడు."

కట్టు ఎవరు కట్టినారు? పసరు ఎవరు పోసినారు? ఆ మాటే లేదు. సుంకమ్మ నవ్వుమొహం పెట్టి అవునా అనింది. ఇంటికి పోయేదాకా ఆమె కడుపులో ఒక కుండెడు ఎసరు కాగింది.

మర్నాడు నీళ్ళబావి దగ్గర ఆమె ఒక మాట వదిలింది. ఆ చేతులు ఏం చేతులనుకున్నారు, మనుషుల్ని పొడిచిన చేతులు, ఆ చేతుల్తో ముసలోళ్ళకు గంజి పోయిస్తారా అనింది. ఆడవాళ్ళు కడవలు నింపడం ఆపి విన్నారు. మాట రెడ్డోళ్ళ ఇంటిదాకా పోయింది. ఆ ఇంటి పెద్దామె, రెడ్డి తల్లి, కీళ్ళు బిగుసుకుపోయి మంచంలోనే ఉంది. ఆమె ఆ మాట విని, పొడిచిన చెయ్యో పొడవని చెయ్యో నాకెందుకు, నన్ను లేపి కూర్చోబెట్టే చెయ్యి కావాల, పిలవండి ఆయప్పను అనింది. పిలిచినారు. ఆ ఏడు రెడ్డోళ్ళ ఇంటి విందులో మొదటి విస్తరి సుంకమ్మకే వేసినారు. కానీ రెండో విస్తరి మద్దిలేటికి, ఆమె పక్కనే వేసినారు. సుంకమ్మ కడుపులో రెండు కుండల ఎసరు కాగింది. అన్నం దిగలేదు.

అప్పుడు ఆమె కోట దగ్గరికి ఆకుల కోసం పోయినట్టు పోయి, బంట్ల పెండ్లాల దగ్గర మద్దిలేటి సంగతి కూపీ లాగింది. లాగి, రచ్చలో మగవాళ్ళు కూర్చున్నప్పుడే చెప్పింది. ఆ మనిషి ఈటె పారేసి పారిపోయి వచ్చినోడు, తలపాగా ఊడబీకి పంపించినారని. మగవాళ్ళు ఈలలేసినారు. నాలుగు దినాలు ఆయన వీధిలో పోతుంటే, ఈటె యాడ పెట్టి మర్చిపోయినావప్పా అని అడిగి నవ్వినారు. చివరికి చెన్నప్పే మంచంలోంచి అడిగినాడు, నిజంగానే పారేసినావా అని. పారేసినా అన్నాడు మద్దిలేటి. ఎందుకు పారేసినావంటే, ఎల్లప్ప బరువున్నాడు, రెండూ మోయలేకపోయినా అన్నాడు.

ఆ మాట సాయంకాలానికల్లా ఊరంతా తెలిసింది. నవ్వు ఆగిపోయింది. మనిషి కోసం ఈటె పారేసినోడు మనల్ని నడిమధ్యలో పారేస్తాడా అనుకున్నారు. మూడు ఇండ్లవాళ్ళు ఒకేదినం పిలవను వచ్చినారు. సుంకమ్మ కడుపులో మూడు కుండల ఎసరు కాగింది. పొంగి పొయ్యి ఆరింది కానీ మంట ఆరలేదు.

అట్లా ఉన్నప్పుడు ఆమె తల్లి ఓబుళమ్మ తిరగలి దగ్గర కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. ఒక కాలు, ఒక చెయ్యి పడిపోయినాయి. నోరు వంకర పోయింది.

సుంకమ్మ భయపడింది. భయంలోనే ఒక పంతం కూడా పుట్టింది. నా చేతి మందు ఏం చేస్తుందో ఊరు చూడాల అనుకుంది. కొండెక్కి వేర్లు తెచ్చింది. నూరింది, కాచింది, పోసింది. పది దినాలకు తల్లి నోరు సక్కనైంది, మాట వచ్చింది. సుంకమ్మ వీధిలో తలెత్తుకుని నడిచింది.

కానీ ఇరవయ్యో దినానికి ఓబుళమ్మ వీపున పుండు లేచింది. సుంకమ్మ పసరు పిండింది. పుండు పెద్దదైంది. ఇంకో ఆకు వేసింది. ఇంకా పెద్దదైంది. ఇంట్లోకి వస్తుంటేనే వాసన తగిలేది. ఓబుళమ్మ మెల్లగా అనింది, "ఏమ్మే, ఆ కోటాయప్పను ఒకసారి పిలుచుకుని రా." సుంకమ్మ వినబడనట్టు రోలు కడిగింది. ఇంకోసారి అనింది. ఆయన ఊళ్ళో లేడని అబద్ధం చెప్పింది. మూడోసారి అనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. అది ఇంకా కష్టంగా తోచింది సుంకమ్మకు.

ఆమెకు ఒక నమ్మకం. ఆయప్ప దగ్గర కోటలోంచి తెచ్చిన మందేదో ఉంది. లేకపోతే ఒక ఆకు పేరు తెలీనోడికి ఇంత పేరెట్లా వస్తుంది? ఏ ఇంటికి పోయినా ఆ రాగి గిన్నె తీసుకునే పోతాడు. మంచం పక్క నీళ్ళలో పెడతాడు. ఉండేదంతా ఆ గిన్నెలోనే ఉంది. అట్లనుకుని, ఆయన గిన్నె లేకుండా రెడ్డోళ్ళ ఇంటికి పోయిన పూట చూసి కొట్టంలోకి దూరింది. ఆ పొద్దు గిన్నె మూటలోనే ఉంది. కొంగు కింద పెట్టుకుని వచ్చేసింది. ఏడు ఊళ్ళకు మందిచ్చిన మనిషి, దొంగ మాదిరి గోడల పక్కన నడిచింది.

గిన్నెలో పసరు పోస్తే అడుగునుంచి బొట్టు బొట్టు కారింది. పాతగిన్నె, బెజ్జం పడిందనుకుని లక్క కాచి మూసింది. దాంట్లో నానబెట్టిన మందు తల్లి వీపుకు పూసింది. ఒక దినం, రెండు దినాలు, మూడు దినాలు. మూడో దినం పుండులో తెల్లగా ఎముక కనబడింది.

సుంకమ్మ రోలు దగ్గర కూర్చోని మిగిలిన మందు పారబోసింది. తర్వాత లేచి, గిన్నె తీసుకుని, పట్టపగలు, నడివీధిలో నడిచి మద్దిలేటి కొట్టం దగ్గరికి పోయింది. గిన్నె ఆయన ముందర పెట్టింది.

"ఇదిగో నీ గిన్నె. దీంట్లో ఏమీ లేదు."

మద్దిలేటి గిన్నె తిప్పి చూసినాడు. "బెజ్జం మూసినావే."

"కారిపోతుంటే మూసినా."

"ఆ బెజ్జమే దాని పని అక్కా," అన్నాడు. కోపం లేదు. ఎందుకు తీసుకున్నావని అడగలేదు. "అమ్మ ఏ పక్కకు పండుకుంటుంది?"

"వెల్లకిలా. కదిపితే నొప్పంటుంది. అందుకే కదపలేదు."

"ఎన్ని దినాలు?"

"నెల దాటింది."

మద్దిలేటి కట్టె పట్టుకుని లేచినాడు. దారిలో ఎల్లప్ప సంగతి చెప్పినాడు. కోట వైద్యుడు కదపొద్దన్నాడంట. కదిపితే ఎల్లప్ప అరిచేవాడంట. ఆ అరుపు వినలేక తనూ కదపలేదంట. పోటు గాయం నెలకే మానిపోయింది. వీపు మాత్రం కుళ్ళిపోయింది.

"నా జతగాడు పోటుతో పోలేదక్కా. పడకతో పోయినాడు. నేనే పక్కన కూర్చోని చంపుకున్నా. ఈ గిన్నె ఐదుసార్లు మునిగేలోపల మనిషిని పక్క మార్చాల. నాకు తెలిసింది అంతే. ఇంకో మందేమీ లేదు నా దగ్గర."

ఇల్లు వచ్చింది. మద్దిలేటి లక్క గీకేసి గిన్నెను నీళ్ళలో పెట్టినాడు. ఓబుళమ్మ భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, నీటిమీది ఆకును తిప్పినట్టు తిప్పినాడు. ఊక మూటలు కట్టించి మడమల కింద, మోకాళ్ళ మధ్య పెట్టినాడు. గుక్కెడు నీళ్ళు తాపినాడు. మీ కాలంలో జొన్నలు ఎట్లా పండేవమ్మా అని అడిగినాడు. ఓబుళమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గిన్నె మునిగింది. ఇంకా చెప్తానే ఉంది. సుంకమ్మ ఆ జొన్నల ముచ్చట పుట్టినకాడినుంచి ఒక్కసారి కూడా వినలేదు.

ఇప్పుడు సుంకమ్మ వేసిన పసరే పట్టింది. పుండు అంచుల్నుంచి ఎర్రగా కండ వచ్చింది. మద్దిలేటి ఆ మాట ఊరందరికీ చెప్పినాడు, మందు సుంకక్కదే, నేను తిప్పినానంతే అని. అయినా ఆమెకు చల్లబడలేదు. ఎందుకంటే ఒకదినం, ఆయప్ప వస్తే నీ మొహం అట్లా వెలుగుతుంది, నేను వస్తే ఎందుకు వెలగదని తల్లిని అడిగింది. ఓబుళమ్మ దాచకుండా చెప్పింది.

"నువ్వు పుండును చూడను వస్తావు. ఆయప్ప నన్ను చూడను వస్తాడు."

ఈసారి ఎన్ని కుండల ఎసరు కాగిందో లెక్క లేదు.

ఓబుళమ్మ ఇంకా రెండేండ్లు బతికింది. పోయేనాటికి ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఆ తర్వాత ఏ ఇంట్లో మనిషి పడినా ఇద్దర్నీ పిలిచేవాళ్ళు. ఆమె మందేస్తుంది, ఆయన పక్క మారుస్తాడు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అంటే, ఆయన చూసేవాడు, ఆమె చూసేది కాదు. ఒకే కాడి కట్టిన ఎద్దులు, ఒకటి తూర్పు చూస్తుంది, ఒకటి పడమర చూస్తుంది అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. సుంకమ్మ ఆయన చెయ్యి పెట్టే చోటు, ఎత్తే తీరు, ఊపిరి పట్టే క్షణం ఓరకంట చూసి అంతా నేర్చుకుంది. ఇష్టంతో కాదు. తనకు రానిది ఆయనకు వస్తుందంటే ఓర్వలేక.

చాన్నాళ్ళు గడిచినాయి. ఒక వానాకాలం మద్దిలేటి రెడ్డోళ్ళ వాకిట్లో కాలు జారి పడినాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. ఊరంతా కొట్టం ముందర చేరింది. ఆయప్పను మా ఇంటికి తీసుకుపోతామని రెడ్డి అన్నాడు. మా మామను బతికించినాడు, మేమే చూస్తామని నాగక్క అడ్డం వచ్చింది. ఇంకొకరు, ఇంకొకరు. మాట పెరిగింది. ఏ ఇంటికి తీసుకుపోయినా మిగతా ఇండ్లవాళ్ళకు రోషం. చివరికి ఇండ్లు వరసగా వంతులు వేసుకోవాల, ఐదు గిన్నెలకు ఒక ఇల్లు అని తీర్మానించినారు. మొదటి వంతు ఎవరిదని మళ్ళీ గలాటా.

వెనకనుంచి సుంకమ్మ ముందుకు వచ్చింది. తల ముగ్గుబుట్టయి ఉంది. "మొదటి వంతు నాది," అనింది. వాకిట్లో జనం పక్కకు జరిగినారు.

జాలితో వచ్చిందనుకునేరు, కాదు. మద్దిలేటికి సేవ చేసినారన్న పేరు రెడ్డోళ్ళకో కుమ్మరోళ్ళకో పోతే ఆమె భరించలేదు. ఆ కుళ్ళుతోనే వచ్చింది. మొహం గంటుపెట్టుకునే లోపలికి పోయింది.

మద్దిలేటి కళ్ళు తెరిచి చూసినాడు. "సుంకక్కా, ఇంకా నా మీద మంటేనా?"

"మంటే."

"ఉండనీలే. ఆ భుజం కింద చెయ్యి పెట్టు."

పెట్టింది. తిప్పింది. ఆయన అరవలేదు, మూలగలేదు. తర్వాత చెప్పినాడు. నువ్వు రాకముందు ఇద్దరు ముగ్గురు నన్ను కదిపినారు, ఏడుస్తా కదిపినారు, ప్రేమున్నోళ్ళకు చేతులు వణుకుతాయి, ఒళ్ళంతా గాజుపెంకులతో గీకినట్టుంది అన్నాడు. ఆపై ఆమెవైపు చూసినాడు.

"నీ చెయ్యి వణకలేదక్కా. రోజూ మొదటి వంతు నువ్వే రా."

సుంకమ్మ గిన్నెలో నీళ్ళు వంచి మళ్ళీ తేలేసి పోయింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆమె వచ్చి గట్టిగా తిప్పిపోయినాక ఒళ్ళు సదురుకునేది, తర్వాత వంతులవాళ్ళు ఏడ్చినా వణికినా ఆయన ఓర్చుకునేవాడు. ఒక ఏడాది అట్లా జరిగింది. ఆమె ఒక్క దినం తప్పలేదు, ఒక్క దినం నవ్వలేదు. ఒకసారి మాత్రం గిన్నె మునిగేదాకా ఊరికే కూర్చోలేక, కోటలో జొన్న సంగటా వరన్నమా మీకు పెట్టేది అని అడిగింది. అడిగి, అడిగినందుకు తనను తానే తిట్టుకుంది. ఆయన మాత్రం గిన్నె రెండుసార్లు మునిగేదాకా చెప్తానే ఉన్నాడు. ఆమె లేచిపోకుండా విన్నది.

మద్దిలేటి పోయినాడు. ఏడు ఊళ్ళు కదిలి వచ్చినాయి. ఆ ఏడ్పు చూసి సుంకమ్మకు, నేను పోతే ఇంతమంది వస్తారా అని అప్పుడు కూడా కడుపులో కలుక్కుమనింది. అబద్ధమెందుకు, అనింది. కానీ శవానికి నీళ్ళు పోసేటప్పుడు ఆమె అందర్నీ పక్కకు జరగమనింది. ఎవరినీ ముట్టుకోనియ్యకుండా ఒక్కతే ఆయన్ను పక్కకు తిప్పింది. వీపు అందరికీ కనబడేటట్టు పట్టుకుని నిలబడింది. ఏడాది మంచాన ఉన్న మనిషి వీపు పసిబిడ్డ వీపు మాదిరి ఉంది.

"చూడండి," అనింది.

ఈటె పారేసినోడికి కోటవాళ్ళు వీరుల రాళ్ళ వరసలో రాయి పెట్టలేదు. ఆ రాళ్ళ మీది బొమ్మలు ఎవరివో ఈపొద్దు చెప్పేవాళ్ళు లేరు. గవిమెట్లలో మాత్రం, ఆ చుట్టుపక్కల పల్లెల్లో కూడా, మనిషి మంచాన పడితే ఇండ్లవాళ్ళు వరసగా వచ్చి పక్క మార్చిపోతారు. దాన్ని మద్దిలేటి వంతు అంటారు. మొదటి వంతు సొంతవాళ్ళకు ఇయ్యరు. ఆ ఇంటితో మాటల్లేని మనిషి ఎవరన్నా ఉంటే వాళ్ళకే కబురు పెడతారు. గట్టు తగాదా ఉన్న దాయాది కావచ్చు, అలిగిపోయిన ఆడబిడ్డ కావచ్చు. వాళ్ళు మొహం గంటుపెట్టుకునే వస్తారు. వాకిట్లో చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెడతారు. ఆ ఇంటివాళ్ళు ఏమీ అడగరు. మంచం దగ్గరికి దారి వదిలి, పక్కకు నిలబడతారు.